అత్యవసర పరిస్థితుల్లో పిల్లల అనుబంధ పోషకాహారం: ‘కోలుకున్నవారి శాతం’ చెప్పేది, చెప్పనిది

వ్యాససంగ్రహం:

కరువు, యుద్ధం, వరద, వలస వంటి అత్యవసర పరిస్థితుల్లో పోషణ లోపానికి గురైన పిల్లలకు అనుబంధ పోషకాహారం అందించే కార్యక్రమాలు ప్రపంచంలోని అనేక ప్రాంతాల్లో నడుస్తున్నాయి. వాటి జయాపజయాలను ఎక్కువగా ‘కోలుకున్నవారి శాతం’ అనే ఒక్క సంఖ్యతో నిర్ణయిస్తున్నారు. కేంద్రానికే రాని పిల్లలు, వచ్చి మానేసిన పిల్లలు, ఆహారం అందకున్నా కోలుకోగల పిల్లలు, కోలుకున్నాక మళ్లీ క్షీణించిన పిల్లలు ఆ సంఖ్యలో కనిపించరు. ఇథియోపియా, నైజర్, మలావీ దేశాల్లో జరిగిన అధ్యయనాల వెలుగులో ఆ సంఖ్యను ఎలా చదవాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పోషణ లోపం, అనుబంధ పోషకాహారం, అత్యవసర సహాయం, కవరేజి, మూల్యాంకనం, ధాత కరువు.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట కరువుకాలపు దాతృత్వాన్ని విస్తళ్ల లెక్కన చెప్పుకోవడం అలవాటు. 1866 నాటి కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పెట్టిన అన్నం రేనాటి జనం నోట పాటై నిలిచింది. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ పేరు నిత్యాన్నదానానికి మారుపేరయింది. ఆకలితో వచ్చినవారు కడుపు నిండి లేచారా అన్నదే అక్కడి కొలమానం. దాతకు అంతకు మించిన లెక్క అవసరం లేదు, అడగడం మర్యాదా కాదు.

ప్రభుత్వమో అంతర్జాతీయ సంస్థో ప్రజల సొమ్ముతో వేలాదిమంది పిల్లలకు నెలల తరబడి ఆహారం పంచినప్పుడు మాత్రం ప్రశ్న మారుతుంది. ఎన్ని టన్నులు పంచారు, ఎందరికి పంచారు అన్నవి వ్యయానికి సంబంధించిన లెక్కలు. ఆ ఆహారం వల్ల పిల్లల శరీరాలు కోలుకున్నాయా, ప్రాణాలు నిలిచాయా అన్నది ఫలితానికి సంబంధించిన లెక్క. మొదటిది గోదాము పుస్తకంలో దొరుకుతుంది. రెండవది అంత సులభంగా దొరకదు.

‘అనుబంధ పోషకాహారం’ అనే మాటను కూడా ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. మన అంగన్‌వాడీల వల్ల ఈ మాట తెలుగులో స్థిరపడింది. అనుబంధం అంటే మరొకదానికి చేర్చినది. ఇంట్లో ఒక ప్రధాన భోజనం ఉంది, అది పిల్లవాడికి చాలడం లేదు, చాలని మేరకు దీనిని చేరుస్తున్నాం అనే ఊహ ఆ మాటలోనే ఉంది. మామూలు రోజుల్లో ఆ ఊహ చాలావరకు నిజం. పంట పోయి, పశువులు చచ్చి, ఊరు విడిచి శిబిరానికి చేరిన కుటుంబం విషయంలో ప్రధాన భోజనమే లేనప్పుడు ‘అనుబంధం’ దేనికి? కుటుంబానికి అందవలసిన సాధారణ రేషను సరిగా అందని చోట పిల్లవాడి పేర ఇచ్చిన పిండి ఇంటిల్లిపాదికీ ఆ పూట భోజనం అవుతుంది. అప్పుడు పిల్లవాడి బరువు పెరగకపోతే లోపం పిండిదా, రేషనుదా? కార్యక్రమాన్ని ఒంటరిగా తీసుకుని మూల్యాంకనం చేసేవారు తరచుగా విస్మరించే ప్రశ్న ఇది.

2. కార్యక్రమ స్వరూపం

6 నెలల నుంచి 59 నెలల వయసు పిల్లల పోషణ స్థితిని రెండు విధాలుగా కొలుస్తారు. ఒకటి ఎత్తుకు తగ్గ బరువు. ప్రామాణిక సగటు కంటే 2 ప్రామాణిక విచలనాలకు దిగువన, 3కు మించని దూరంలో ఉంటే మధ్యస్థ స్థాయి తీవ్ర పోషణ లోపం. 3 కంటే కిందికి దిగితే అతి తీవ్రం. రెండవది జబ్బ చుట్టుకొలత. 125 మిల్లీమీటర్ల కంటే తక్కువ, 115 కంటే తక్కువ కాకుండా ఉంటే మధ్యస్థం. 115 కంటే తగ్గితే అతి తీవ్రం. రంగుల పట్టీతో చేసే ఈ కొలతకు తక్కెడ, ఎత్తుబల్ల అక్కర్లేదు కాబట్టి అత్యవసర పరిస్థితుల్లో దీనికే ప్రాధాన్యం. అయితే ఈ రెండు కొలతలూ ఎప్పుడూ ఒకే పిల్లలను చూపవు. ఏ కొలతతో చేర్చుకున్నారో చెప్పకుండా రెండు కార్యక్రమాల ఫలితాలను పోల్చడం సరికాదు.

అతి తీవ్ర స్థితిలో ఉన్నవారిని వైద్యంతో కూడిన చికిత్సా కార్యక్రమానికి పంపుతారు. మధ్యస్థ స్థితిలో ఉన్నవారిని ఎంపిక చేసి ఆహారం ఇచ్చేది లక్షిత పద్ధతి. ఎవరినీ కొలవకుండా, ఒక వయసులోపు పిల్లలందరికీ కొద్ది నెలలపాటు ఇచ్చేది సార్వత్రిక పద్ధతి. మొదటిది చికిత్స, రెండవది నివారణ. రెండింటినీ ఒకే కొలమానంతో తూచలేం.

వండి కేంద్రంలోనే తినిపించడం ఒక తీరు. పిల్లలకు మాత్రమే పరిమితం కాకపోయినా, 1952 కరువులో రాయలసీమలో నడిచిన గంజి కేంద్రాలు ఈ తీరువే. వారానికో పక్షానికో సరిపడా పిండి లేదా వేరుశనగ ముద్ద పొట్లాలు ఇంటికి ఇచ్చి పంపడం మరొక తీరు. ఇక్కడ అంతర్జాతీయ మార్గదర్శకాలలోని ఒక అంశం ఆసక్తికరం. కేంద్రంలో తినే పిల్లవాడికి రోజుకు 500 నుంచి 700 కిలోక్యాలరీలు చాలని చెప్పే నిబంధన, ఇంటికి ఇచ్చేటప్పుడు 1000 నుంచి 1200 ఇవ్వాలంటుంది. ఇంటికి చేరిన ఆహారాన్ని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకుంటారని నిబంధన రాసినవారికి తెలుసు. ఆ పంపకాన్ని నేరంగా కాక, లెక్కలో భాగంగా స్వీకరించారు. 1982లో బీటన్, ఘస్సేమీ అనే పరిశోధకులు వర్ధమాన దేశాల అనుబంధ ఆహార కార్యక్రమాలను సమీక్షించి, పంచిన ఆహారంలో గణనీయమైన భాగం ఉద్దేశించిన పిల్లవాడి రోజువారీ ఆహారంలో అదనంగా చేరడం లేదని చూపారు. ఇతరులు తినడం ఒక కారణం. కేంద్రంలో తిన్నాడు కదా అని ఇంట్లో పెట్టే ముద్ద తగ్గడం మరొక కారణం. తెలంగాణలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్టు చేరే ఇళ్ల గురించి ఆలోచించే పరిశోధకులకు కూడా ఈ పరిశీలన ఉపయోగపడుతుంది. ప్యాకెట్టు అందినట్లు సంతకం ఉండడం వేరు, అది పిల్లవాడి కడుపులోకి చేరడం వేరు.

3. రిజిస్టరులోని లెక్క

కార్యక్రమం నుంచి బయటకు వెళ్లిన ప్రతి పిల్లవాడి పేరు ఎదుట సాధారణంగా నాలుగు మాటల్లో ఒకటి ఉంటుంది: కోలుకున్నాడు, మరణించాడు, మానేశాడు, కోలుకోలేదు. వరుసగా రెండు పంపిణీలకు రాకపోతే మానేసినట్లు రాయడం సాధారణ ఆచారం. నిర్ణీత కాలం, అంటే మూడు నాలుగు నెలలు గడిచినా కొలతలు మెరుగుపడకపోతే కోలుకోలేదని రాస్తారు. మానవతా సహాయ సంస్థలు ఉమ్మడిగా రూపొందించుకున్న స్ఫియర్ ప్రమాణాల ప్రకారం బయటకు వెళ్లినవారిలో 75 శాతానికి మించి కోలుకోవాలి. మరణాలు 3 శాతం లోపు, మానేసినవారు 15 శాతం లోపు ఉండాలి. దాతలకు వెళ్లే నివేదికల మొదటి పుటలో కనిపించే సంఖ్యలు ఇవే.

ఇక్కడ మొదటి చిక్కు భాజకం దగ్గర వస్తుంది. ఊహాత్మకంగా ఒక కేంద్రాన్ని తీసుకుందాం. 100 మంది బయటకు వెళ్లారు. వారిలో 60 మంది కోలుకున్నారు, 30 మంది మానేశారు, 4గురు మరణించారు, 6గురు కోలుకోలేదు. నిబంధన ప్రకారం కోలుకున్నవారు 60 శాతం. కార్యక్రమం ప్రమాణాన్ని అందుకోలేదు. మానేసినవారి సంగతి తెలియదు కనుక వారిని లెక్కలోంచి తీసేస్తే 70లో 60 మంది, అంటే దాదాపు 86 శాతం. కార్యక్రమం ప్రమాణాన్ని దాటింది! పిల్లల్లో ఒక్కరి స్థితి కూడా మారలేదు, మారింది భాగహారం మాత్రమే. రెండు నివేదికలను పక్కపక్కన పెట్టి చదివే పరిశోధకుడు ముందుగా అడగవలసింది శాతం ఎంత అని కాదు, ఎంతమందిలో అని.

ఈ రకమైన అయోమయం ఎంత విస్తృతంగా ఉందో 2008లో వెలువడిన ఒక సమీక్ష బయటపెట్టింది. నవారో-కొలొరాడో, మేసన్, షోహమ్ కలిసి 2002–2005 మధ్య 22 దేశాల్లో నడిచిన 82 అత్యవసర అనుబంధ ఆహార కార్యక్రమాల సమాచారాన్ని పరిశీలించారు. వాటిలో సగం కూడా 75 శాతం ప్రమాణాన్ని చేరలేదు. అలా చేరకపోవడానికి పెద్ద కారణం మరణాలు కావు. పిల్లలు మధ్యలో రావడం మానేయడం. అంతకంటే ఇబ్బందికరమైన సంగతి, సంస్థలు ఒకే మాటను వేర్వేరు అర్థాల్లో వాడడం. చేర్చుకునే కొలతలూ, విడుదల కొలతలూ, మానేసినట్లు రాయడానికి పెట్టుకున్న గడువులూ కలవనప్పుడు పోలికకు అర్థం ఉండదు. ఆ సమీక్ష తర్వాతే కనీస నివేదికా ప్రమాణాల రూపకల్పన ముందుకు సాగింది. నిఘంటువు కుదరనిదే గణాంకం కుదరదన్న సంగతి భాషాధ్యయనం చేసేవారికి కొత్త కాదు.

4. రిజిస్టరులో లేని పిల్లలు

ఇప్పటిదాకా చెప్పినదంతా కేంద్రానికి వచ్చిన పిల్లల సంగతి. రానివారి మాట?

మరొక ఊహాత్మక ఉదాహరణ. ఒక ప్రాంతంలో మధ్యస్థ పోషణ లోపం ఉన్న పిల్లలు 1000 మంది ఉన్నారనుకుందాం. కేంద్రంలో చేరినవారు 300. వారిలో 240 మంది కోలుకున్నారు, 42 మంది మానేశారు, 6గురు మరణించారు, 12 మంది కోలుకోలేదు. కోలుకున్నవారు 80 శాతం, మానేసినవారు 14, మరణాలు 2. మూడు ప్రమాణాలూ నెగ్గిన ఆదర్శ కేంద్రం. అయినా ఆ ప్రాంతంలో సహాయం అవసరమైన 1000 మందిలో కేంద్రం ద్వారా కోలుకున్నవారు 240 మందే. పక్క ప్రాంతంలో అంతే సంఖ్యలో పిల్లలుండి, 700 మంది చేరి, వారిలో 65 శాతం మాత్రమే కోలుకున్నారనుకుందాం. ప్రమాణం ప్రకారం అది విఫలమైన కేంద్రం. కోలుకున్న పిల్లలు మాత్రం 455 మంది. శాతాన్ని చూసి నిధులు కేటాయిస్తే మొదటి కేంద్రానికి ప్రోత్సాహం, రెండవదానికి మందలింపు దక్కుతాయి.

అవసరమైనవారిలో ఎందరు నిజంగా కార్యక్రమంలో ఉన్నారన్న దానినే కవరేజి అంటారు. స్ఫియర్ ప్రమాణాలు గ్రామీణ ప్రాంతాల్లో 50, పట్టణాల్లో 70, శిబిరాల్లో 90 శాతానికి మించి ఉండాలంటాయి. కవరేజి రిజిస్టరులో ఉండదు. దానికోసం ఊళ్లలోకి వెళ్లాలి. ఇల్లిల్లూ తిరిగి ఇంత నమూనా తీయడం ఖరీదైన పని కాబట్టి చాలాకాలం దీనిని అంచనా లెక్కలతో నెట్టుకొచ్చారు: జనాభాలో ఐదేళ్లలోపు వారు ఇంత, వారిలో పోషణ లోపం ఉన్నవారు ఇంత అని ఊహించి, చేరినవారి సంఖ్యను దానితో భాగించడం. వలసలు జరిగే ప్రాంతంలో జనాభా లెక్కే నమ్మదగనిది. కొన్నిసార్లు ఆ అంచనాలు నూటికి నూరును దాటి, నవ్వాలో ఏడవాలో తెలియని స్థితిని కల్పిస్తాయి. మార్క్ మయట్ తదితరులు 2000 తర్వాత అభివృద్ధి చేసిన పద్ధతులు ఈ చిక్కును కొంత తీర్చాయి. పెద్ద నమూనాల బదులు, ఊళ్లో తెలిసినవారిని అడిగి బక్కచిక్కిన పిల్లలను వెదుక్కుంటూ వెళ్లడం వీటిలో ప్రధానం. మంత్రసాని, బడిపంతులు, నాటువైద్యుడు చూపిన ఇంటికి వెళ్లి, ఆ ఇంటివాళ్లు చెప్పిన మరో ఇంటికి వెళ్తూ, కొత్త పేరు దొరకని దాకా తిరుగుతారు. కార్యక్రమంలో లేని పిల్లవాడు కనిపిస్తే ఎందుకు లేడో తల్లిని అడుగుతారు.

ఆ జవాబుల్లోనే మూల్యాంకనానికి కావలసిన సరుకు ఉంటుంది. పిల్లవాడికి జబ్బు ఉన్నట్లే తెలియదు, కేంద్రం ఉన్నట్లు తెలియదు, ఒకసారి తీసుకెళితే కొలత సరిపోలేదని పంపేశారు, మళ్లీ వెళ్లడానికి మొహం చెల్లలేదు, వాగు దాటాలి, కేంద్రం తెరిచే రోజే సంత. వీటిలో ఏదీ ఆహారపు నాణ్యతకు సంబంధించినది కాదు. పిండిలో మాంసకృత్తులు ఎంత ఉండాలన్న విషయం మీద జరిగినంత పరిశోధన, కేంద్రం ఏ రోజు తెరవాలన్న దాని మీద జరగలేదని చెప్పడం అతిశయోక్తి కాదు.

5. పెట్టకపోతే ఏమయ్యేది?

కోలుకున్నవారి శాతం ఎంత కచ్చితంగా లెక్కించినా దాని వెనుక మరొక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ పిల్లలు ఆహారం ఇచ్చినందువల్ల కోలుకున్నారా, ఎలాగూ కోలుకునేవారేనా?

ఇది కఠినమైన ప్రశ్న, కానీ అసంబద్ధమైనది కాదు. సాహెల్ దేశాల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకలి నెలలు. పాత గింజలు అయిపోయి కొత్త పంట రాని కాలం. కార్యక్రమాలు ఆ నెలల్లో మొదలై పంట ఇంటికి వచ్చేసరికి ముగుస్తాయి. పిల్లలు తేరుకునే సమయమూ అదే. పైగా ఒక విరేచనాల జబ్బు తర్వాత కొలిచి చేర్చుకున్న పిల్లవాడు ఆ జబ్బు తగ్గితే కొంత దానంతటదే తేరుకుంటాడు. కాబట్టి ‘ముందు–తరువాత’ పోలిక ఎప్పుడూ కార్యక్రమానికి అనుకూలంగానే మాట్లాడుతుంది. నిజం తేలాలంటే ఆహారం అందని పిల్లలతో పోల్చాలి. అయితే బక్కచిక్కిన పిల్లవాడికి కావాలని ఆహారం ఆపి పరిశీలించే హక్కు ఏ పరిశోధకుడికీ లేదు.

ఈ నైతిక సంకటం తెలుగునేలకు పాత పరిచయమే. 1876–78 నాటి ధాత కరువులో కర్నూలు, బళ్లారి, కడప, నెల్లూరు జిల్లాలు నలిగిపోతున్నప్పుడు, 1877 ఆరంభంలో వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, సహాయ పనుల్లోని కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి చిల్లర చాలునని నిర్ణయించాడు. ఖర్చు తగ్గించడం ఉద్దేశం. దీనిని పరీక్షించి చూద్దామన్నది సమర్థన. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించాడు. కష్టపడే శరీరానికి అది చాలదని ఆహారశాస్త్రం ఆధారంగా వాదించాడు. ఆ ఏడాది మే నెలలో మద్రాసు ప్రభుత్వం కూలిని పెంచవలసి వచ్చింది. నేటి అర్థంలో టెంపుల్ చేసినది ప్రయోగం కాదు. పోల్చి చూడడానికి మరో వర్గాన్ని ఉంచలేదు; ఫలితం తేలేలోగా పరీక్షకు గురైనవి కూలీల శరీరాలే. ఆ వివాదం పిల్లల ఆహారానికి సంబంధించినది కాకపోయినా, ‘ఎంత పెడితే చాలు’ అన్న ప్రశ్నను ఎవరి ప్రాణాలతో తేల్చుకోవాలన్న సమస్య అక్కడా ఇక్కడా ఒకటే.

ఆధునిక పరిశోధకులు ఈ సంకటాన్ని రెండు దారుల్లో దాటడానికి ప్రయత్నించారు. మొదటిది, ఇతర కారణాల వల్ల కార్యక్రమం ఎలాగూ లేని చోటికి వెళ్లి పరిశీలించడం. గ్రామీణ ఇథియోపియాలో అనుబంధ ఆహార కార్యక్రమం అందుబాటులో లేని ప్రాంతంలో మధ్యస్థ పోషణ లోపం ఉన్న 884 మంది పిల్లలను ఫిలిప్ జేమ్స్ తదితరులు 7 నెలలపాటు గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఏ ఆహార సహాయమూ లేకుండానే 54.2 శాతం మంది అతి తీవ్ర స్థితికి దిగకుండా కోలుకున్నారు. 32.5 శాతం చివరికీ అదే స్థితిలో ఉండిపోయారు. 9.3 శాతం కనీసం ఒకసారి అతి తీవ్ర స్థితికి జారిపోయారు.

ఈ సంఖ్యలను రెండు విధాలుగా చదవవచ్చు, రెండూ ప్రమాదకరమే. సగం మంది ఎలాగూ కోలుకుంటున్నారు కదా, కార్యక్రమం ఎందుకు అనడం ఒకటి. 75 శాతం సాధించిన ప్రతి కార్యక్రమమూ ముప్పాతిక మంది పిల్లలను కాపాడిందనడం మరొకటి. కార్యక్రమం వల్ల కలిగిన మేలు ఆ రెండు సంఖ్యల మధ్య దూరంలో ఎక్కడో ఉంటుంది. ఒక దేశపు సంఖ్యను మరో దేశానికి, ఒక కాలపు సంఖ్యను మరో కాలానికి అతికించరాదు గనుక ఆ దూరం ఇంత అని చెప్పడం కుదరదు. అలాగే కోలుకోని దాదాపు సగం మంది పిల్లలు, అతి తీవ్ర స్థితికి జారిన ఆ 9.3 శాతం మందీ ఆహారం లేకపోవడం అంటే ఏమిటో చెబుతున్నారు. సగటు కోలుకోవడం కంటే ఈ జారిపోవడాన్ని ఎంత ఆపగలిగిందన్నదే కార్యక్రమానికి సరైన పరీక్ష అనిపిస్తుంది. మరణం పొంచి ఉండేది అక్కడే కాబట్టి.

రెండవ దారి, ఊళ్లను చీటీ వేసి ఎంచడం. నైజర్ దేశంలోని మరాడీ ప్రాంతంలో 2005 నాటి సంక్షోభం తర్వాతి ఏడాది, 2006 ఆగస్టు నుంచి అక్టోబరు వరకు 12 ఊళ్లలో ఒక ప్రయోగం జరిగింది. 6 ఊళ్లలోని పిల్లలకు రోజుకు 500 కిలోక్యాలరీల వేరుశనగ ముద్ద పొట్లం ఇచ్చారు, 6 ఊళ్లలో ఇవ్వలేదు. ఇక్కడ ఎంచుకున్నది అప్పటికే చిక్కిపోయిన పిల్లలను కాదు, ఇంకా చిక్కని పిల్లలను. అది చికిత్స కాక నివారణ కావడం వల్లనే పోలికకు నైతికంగా కొంత అవకాశం ఏర్పడింది. 2009లో ప్రకటించిన ఫలితాల ప్రకారం పొట్లాలు అందిన ఊళ్లలో కొత్తగా చిక్కిపోవడం 36 శాతం, అతి తీవ్రంగా చిక్కిపోవడం 58 శాతం తగ్గింది. మరణాలు కూడా తక్కువగానే కనిపించినా, ఆ తేడా గణాంక శాస్త్రం కోరే నిశ్చయాన్ని చేరలేదు. 12 ఊళ్ల ప్రయోగంలో మరణాల తేడాను తేల్చడం కష్టం. పోషణ కార్యక్రమాల అంతిమ లక్ష్యం ప్రాణరక్షణ. మూల్యాంకనం తరచుగా అందుకోలేనిది కూడా అదే.

6. కోలుకున్న తర్వాత

వరుసగా రెండుసార్లు కొలత గీత దాటితే పిల్లవాడు ‘కోలుకున్నాడు’. కార్డు వెనక్కి తీసుకుని పంపేస్తారు. లెక్క అక్కడితో ముగుస్తుంది, పిల్లవాడి బతుకు ముగియదు. అతడు తిరిగి వెళ్లేది ఏ ఇంటి నుంచి చిక్కిపోయి వచ్చాడో ఆ ఇంటికే.

మలావీ దేశంలో చాంగ్ తదితరులు మధ్యస్థ పోషణ లోపం నుంచి కోలుకున్న 1967 మంది పిల్లలను ఏడాదిపాటు గమనించారు. 2013లో వెలువడిన ఆ ఫలితాల్లో 1230 మంది, అంటే 63 శాతం ఆరోగ్యంగా నిలిచారు. 334 మంది మళ్లీ మధ్యస్థ లోపానికి, 190 మంది అతి తీవ్ర లోపానికి గురయ్యారు. 74 మంది మరణించారు. 139 మంది జాడ తెలియలేదు. వీరంతా ఒకప్పుడు ఏదో ఒక నివేదికలో విజయాల వరుసలో లెక్కకు వచ్చినవారే. విడుదల గీతను కొంచెం పైకి జరిపి, ఇంకాస్త పుంజుకున్నాకే పంపితే తిరిగి జారిపోవడం తగ్గుతుందా అన్న ఆలోచన ఈ అధ్యయనం నుంచి సహజంగా వస్తుంది. గీత పైకి జరిగితే ప్రతి పిల్లవాడికీ ఎక్కువ వారాలు ఆహారం కావాలి, అదే నిధితో చేర్చుకోగలిగేవారు తగ్గుతారు. కవరేజితో ఇక్కడ నేరుగా తగవు వస్తుంది. అందుకే విడుదల గీతను ఎక్కడ గీయాలన్నది వైద్య నిర్ణయమే కాదు, ఎవరిని వదిలిపెట్టాలన్న నిర్ణయం కూడా.

ఏడాదిలో మరణించిన 74 మంది విషయంలో లోపం ఆహార కార్యక్రమానిదని అనడం న్యాయం కాదు. మలేరియా, విరేచనాలు, శ్వాసకోశ వ్యాధులు, తాగునీరు, తల్లి ఆరోగ్యం ఇవన్నీ ఆ మరణాల వెనుక ఉండగలవు. అలాగని ‘కోలుకున్నాడు’ అన్న మాటను పూర్ణవిరామంగా వాడుకోవడమూ న్యాయం కాదు.

7. ‘మానేసినవారు’ ఎవరు?

2008 సమీక్ష చూపినట్లు, ఎన్నో కార్యక్రమాలను ప్రమాణానికి దిగువన నిలిపినది మానేసినవారి సంఖ్య. రిజిస్టర్లలో వీరిని ‘డిఫాల్టర్లు’ అంటారు. తెలుగునాట ఈ ఆంగ్లపదం బ్యాంకుల ద్వారా అందరికీ తెలిసినదే: తీసుకున్న అప్పు కట్టనివాడు. ఆ నింద ఇక్కడికీ పాకింది. పిల్లవాడికి ఉచితంగా ఆహారం ఇస్తామంటే తల్లి రాలేదు, కాబట్టి తప్పు తల్లిది అన్న ధ్వని ఆ ఒక్క మాటలో ఉంది. ‘మానేశారు’ అన్న తెలుగు మాటలో నింద కొంత తగ్గినా కర్తృత్వం మాత్రం ఇంకా తల్లిదే. ‘అందకుండా పోయినవారు’ అంటే భారం కార్యక్రమం మీదికి మళ్లుతుంది. పదం మారితే విచారణ దిశ మారుతుంది.

ఇంటికి ఇచ్చే పద్ధతిలో పంపిణీ కేంద్రం తిరుగు ప్రయాణంతో సహా ఒక రోజులో వెళ్లివచ్చేంత దూరంలో ఉండాలనీ, అక్కడే తినిపించే పద్ధతిలో గంట నడకకు మించరాదనీ ప్రమాణాలు చెబుతాయి. ఒక రోజు ప్రయాణం అంటే ఒక రోజు కూలి. నలుగురు పిల్లలున్న తల్లి ఒక్కరి పొట్లం కోసం మిగిలిన ముగ్గురినీ ఎవరికో అప్పగించి, లేదా వెంటబెట్టుకుని నడవాలి. కలుపు తీతల కాలంలో ఆ రోజు కూలి విలువ పొట్లం విలువ కంటే ఎక్కువ కావచ్చు. అప్పుడు రాకపోవడం అజ్ఞానం కాదు, లెక్క. వారానికి బదులు పక్షానికి ఒకసారి పంచినా, సంత జరిగే చోటికే కేంద్రాన్ని తరలించినా మానేసేవారు తగ్గవచ్చు. ఆ మార్పులకు అదనపు ఆహారం అక్కర్లేదు.

ఈ వర్గంలో మరొక రకం పిల్లలు కూడా ఉంటారు. ఆహార కేంద్రానికి చివరిసారి వచ్చి వెళ్లాక ఇంటి దగ్గర చనిపోయిన పిల్లవాడి గురించి కేంద్రానికి ఎవరూ కబురు చేయరు. రెండు పంపిణీలు దాటుతాయి. అతడి పేరు ఎదుట ‘మానేశాడు’ అని రాస్తారు. మరణాల గడిలో ఆ సంఖ్య చేరదు, 3 శాతం హద్దు చెక్కుచెదరదు. మానేసినవారు ఎక్కువగా ఉన్న నివేదికలో మరణాలు అతి తక్కువగా కనిపిస్తే దానిని శుభవార్తగా తీసుకునే ముందు మానేసినవారిలో కొందరి ఇళ్లకైనా వెళ్లి చూడాలి. పదిహేను ఇళ్లకు వెళ్లినా చాలు: పిల్లవాడు ఉన్నాడా, ఊరు విడిచారా, కోలుకున్నాడనుకుని తల్లి మానిపించిందా, లేక ఆ ఇంట్లో ఇప్పుడు ఆ పిల్లవాడు లేడా? కార్యక్రమ వ్యయంలో ఈ పనికి అయ్యే ఖర్చు అత్యల్పం. నిధుల ప్రతిపాదనల్లో దీనికి ప్రత్యేకంగా ఒక పద్దు ఉండడం అరుదు. సాధారణంగా ఊళ్లోని స్వచ్ఛంద కార్యకర్తే, తన పని తాను చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు ఆ గడప తొక్కవలసి ఉంటుంది.